గంట కొట్టని మీట

కీబోర్డును బల్ల మీద బోర్లించి మునిరత్నం మరలు ఒక్కొక్కటిగా విప్పుతున్నాడు. విప్పిన మరను పక్కనే పరిచిన గుడ్డ మీద, అది ఉన్న చోటుకు సరిగ్గా ఎదురుగా పెడుతున్నాడు. మూల మర మూలకే, నడిమి మర నడిమికే. వెనక అట్ట ఊడదీసి దులిపేసరికి లోపలి నుంచి కారపు బూంది పలుకులు, తల వెంట్రుకలు, ఒక గుండుసూది, ఎవరిదో పెళ్ళి పత్రిక ముక్క గుడ్డ మీద రాలాయి.

"అంగడి పెట్టుకోవచ్చు గదప్పా దీంట్లో" అన్నాడు.

శివకుమార్ నవ్వలేదు. కుప్పం రైల్వే స్టేషన్ రోడ్డులో ఉన్న ఆ నెట్ సెంటర్ అతనిది. 2008 వానాకాలం. ఉద్యోగాల దరఖాస్తులు కాగితం మీద కాకుండా కంప్యూటర్‌లో నింపాలని వరసగా ప్రకటనలు వస్తున్న రోజులు. చుట్టుపక్కల పల్లెల నుంచి సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జనం అతని దగ్గరికే వస్తున్నారు. వాళ్ళ దరఖాస్తులు కొట్టడానికి భారతి అనే ఆమెను కొన్ని నెలల కిందట పనిలో పెట్టుకున్నాడు. ఆమె గోడవారగా కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మునిరత్నం విప్పుతున్న కీబోర్డును చూస్తోంది.

"రోగమేందో ఇంకోసారి సెప్పు" అన్నాడు మునిరత్నం తల ఎత్తకుండా.

"అప్లికేషన్ సగం కొట్టినాక పేజీ మాయమైపోతాదన్నా. మొదుట్లో పేజీ వచ్చి కూసుంటాది. కొట్టిందంతా గల్లంతు. మళ్ళా పేరు కాడ్నించీ మొదులు పెట్టాల. జనాలు నా మొకం మిందే తిడతాండారు."

"ఎవురు కొట్టినా పోతాదా?"

"నేను కొడితే పోదు" అన్నాడు శివకుమార్, గోడ వైపు చూపు వేసి.

"నేను కొట్టినా అన్నిసార్లూ పోదన్నా. కొన్నిసార్లే" అంది భారతి.

"అదే గదమ్మా నేను సెప్పేది. నేను ఎనకాల నిలబడుకుంటే పోదు. నేను అట్లా టీ తాగేకి పోతే పోతాది."

మునిరత్నం లోపలి రబ్బరు పొరను ఎత్తి పక్కన పెట్టాడు. దాని కింద వెండి గీతలున్న పల్చటి ప్లాస్టిక్ రేకులున్నాయి. వాటిని వాకిలి దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు అడ్డంగా పట్టి ప్రతి గీత వెంట కన్ను నడిపాడు. ఎక్కడా తెగలేదు. తడి తగిలిన మచ్చ లేదు. రబ్బరు బుడిపెలు అన్నీ ఒకే బిగువుతో లేస్తున్నాయి. అతనికి అది నచ్చలేదు. లోపం కనిపించే మిషన్ అయితే పని సుళువు. బాగున్న మిషన్ మీద ఇద్దరు మనుషులు రెండు మాటలు చెబుతుంటే, ఆ రెంటినీ అనుమానించాలి.

అనుమానించడం అతని పనిలో భాగం. మునిరత్నానిది పుంగనూరు. బడి మానేసి సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తుండగా, తొంభైల మొదట్లో ఒక దస్తావేజుల రైటరు టైపు మిషన్‌ను సంచిలో పెట్టుకుని ఆ షాపుకు వచ్చాడు. కాగితాన్ని మోసే క్యారేజీని లాగే దారం తెగిపోయింది. రిపేరుకు తిరుపతి పంపాలంటే పని ఆగిపోతుందని, సైకిల్ వాళ్ళ దగ్గర ఏదైనా ఉంటుందేమోనని ఆయన ఆశ. మునిరత్నం బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగి, సైజుకు కత్తిరించి, కొక్కేనికి ముడి వేశాడు. మిషన్ నడిచింది. ఆ తర్వాత ఒక పాత మిషన్‌ను తుక్కు కింద తెచ్చుకుని, ఏ ముక్క దేన్ని కదిలిస్తుందో తెలిసేదాకా విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాడు. ఎవరూ నేర్పలేదు. అడిగితే చెప్పేవాళ్ళు కూడా లేరు.

ఆ పదేళ్ళూ అతని బతుకు బస్సుల్లో గడిచింది. మదనపల్లెలో కోర్టు గుమాస్తాలు, పట్టు వ్యాపారులు, టమాటా మండీలు, టైపు ఇన్‌స్టిట్యూట్లు. పుంగనూరులో రిజిస్ట్రార్ ఆఫీసు ముందు అరుగులు. నెలకోసారి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. ఎక్కడికి వెళ్ళినా ఒకటే కథ. మిషన్ యజమాని గుమాస్తాను అనుమానిస్తాడు, గుమాస్తా మిషన్‌ను అనుమానిస్తాడు. మదనపల్లెలో ఒక మండీలో ఎన్నిసార్లు సరిచేసి ఎక్కించినా కాగితం జారి వరస వంకర పోయేది. మండీ ఆయన గుమాస్తాకు కుదురు లేదన్నాడు, గుమాస్తా రోలరు దొంగ సరుకన్నాడు. మునిరత్నం ఇద్దరి మాటా విని, ఏమీ అనకుండా ఒక పూట బెంచీ మీద కూర్చుని చూశాడు. బుట్టలు దించి వచ్చిన వాళ్ళు లెక్క అడుగుతూ, టమాటా తడి ఆరని చేతులు రోలరు మీద ఆనించి నిలబడుతున్నారు. జిగురు పట్టి రోలరు నున్నబడింది. మిషన్‌ను లోపలి మూలకు జరిపించి, రోలరుకు గరుకు కాగితం పట్టించి వచ్చేశాడు. పని నడిచే చోట కూర్చుని చూడకుండా నోరు తెరవకూడదని అతనికి అక్కడ తెలిసింది.

రెండు వేల సంవత్సరం దాటాక టైపు మిషన్లు ఒక్కొక్కటే బీరువాల మీదికి, ఆ తర్వాత తుక్కులోకి పోయాయి. అతను కీబోర్డుల పని పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గాని వాటిని ఏనాడూ నమ్మలేదు. టైపు మిషన్‌లో మీట కొడితే కడ్డీ లేచి, పోయి, కాగితాన్ని తాకడం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ మీట నొక్కేది ఒకచోట, పని జరిగేది ఇంకోచోట. మధ్యలో ఏం జరిగిందో చూపించమంటే చూపించేవాడు లేడు.

"రా అన్నా, టీ తాగొద్దాం" అన్నాడు శివకుమార్.

టీ అంగడి దగ్గర నిలబడ్డాక అసలు మాట బయటపడింది. బస్టాండు దగ్గర కొత్తగా ఇంకో నెట్ సెంటర్ తెరిచారు. తెరిచినవాడు మునెయ్య. భారతికి సొంత మేనమామ.

"నా కాడ అప్లికేషన్లు చెడగొడితే జనం యాడికి పోతారన్నా? ఆడికే గదా పోయేది. ఆయమ్మి కావాలనే చేస్తాండాది. నా కంటికి దొరకలా, అంతే."

"దొరక్కుండానే సెప్తాండావే."

"అందుకే గదా నిన్ను పిలిపిచ్చింది. నువ్వు ఆయమ్మి ముందర ఒక్క మాట సెప్పు, మిషన్ బాగుండాదని. అది సెప్తే సాలు. ఈ పొద్దే లెక్క తేల్చి పంపిచ్చేస్తా."

మునిరత్నం టీ గ్లాసు అంచు మీద వేలు తిప్పాడు. తనను రిపేరుకు పిలవలేదని, సాక్ష్యానికి పిలిచారని అర్థమైంది. ఇప్పుడు అతనికి శివకుమార్ మీద కూడా అనుమానం వచ్చింది. ఆమెను తీసేయాలని ముందే అనుకుని, దానికి ఒక కారణం కొనుక్కుంటున్నాడా? లేక ఆమె నిజంగానే మేనమామ మాట విని పని చెడగొడుతోందా? రెండూ జరిగేవే. ఇటువంటి ఊళ్ళో ఫలానా ఆమె అప్లికేషన్లు పోగొడుతుందట అన్న మాట ఒకసారి బయటికి పోతే, ఆమెను ఇంకే కుర్చీలోనూ కూర్చోనివ్వరు.

తిరిగి వచ్చి కీబోర్డు బిగించాడు. ప్రతి మరా దాని చోటికే వెళ్ళింది. వైరు తగిలించి, మీటలన్నీ ఒకసారి నొక్కి చూశాడు. శివకుమార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భారతి కుర్చీలోంచి లేచింది.

"మిషన్ బాగుండాది" అన్నాడు మునిరత్నం.

"విన్న్యావా మ్మా" అన్నాడు శివకుమార్.

భారతి ఒక అడుగు ముందుకు వచ్చింది. "బాగుంటే మంచిదే గదన్నా. అయితే పేజీ యాల పోతాదో అదీ సెప్పమనండి. నేనైతే ఏమీ చెయ్యలా."

"మీ మామను అడిగితే సెప్తాడు లేమ్మా."

"మా మామా? ఆయప్పకూ మా యింటికీ మాటలు తెగి ఎన్నేండ్లయిందో కుప్పంలో ఎవర్నన్నా అడుగు. వాళ్ళ వాకిట్లో నీళ్ళు గూడా తాగం మేము."

"ఊరికి సెప్పేదానికి అట్లాగే సెప్తారు."

"నేను మిషన్ బాగుండాదన్న్యానంతే" అన్నాడు మునిరత్నం, స్క్రూడ్రైవర్ తుడుస్తూ. "ఇంకేమీ అన్లా. నా మాట మీద నువ్వు ఇల్లు కట్టబాకప్పా. పని నడిచేది సూసి పోతా."

అప్పుడే వాకిట్లో చెప్పులు వదిలి ఒకాయన లోపలికి వచ్చాడు. గుడుపల్లె వైపు పల్లె నుంచి వచ్చిన వెంకటేశులు. చంకలో సర్టిఫికెట్ల కవరు. అతని దరఖాస్తు ఇదివరకు వచ్చిన రెండుసార్లూ మధ్యలో మాయమైంది. గడువు మర్నాటితో ముగుస్తుంది. వయసు పరిమితి కూడా ఈసారితోనే సరి.

"ఏమ్మా, ఈ పొద్దన్నా నా పేరు దాటి ముందరికి పోతావా లేదా?" అన్నాడు. "నువ్వు నా పేరు కొట్టినన్నిసార్లు మాయమ్మ గూడా పిలిసుండదు."

"కూసో అన్నా" అంది భారతి. అతని కవరు అందుకుని కీబోర్డు పక్కన పెట్టుకుంది.

శివకుమార్ అలవాటుగా ఆమె వెనక్కి వచ్చి నిలబడబోయాడు. మునిరత్నం అతన్ని బయటికి పంపాడు. "నువ్వు ఆడుంటే మాయ జరగదని నువ్వే అంటివి గదా. పో, రోడ్డు మింద నిలబడు." తాను మాత్రం ఆమె పక్కన, కంప్యూటర్ తెర కనిపించని చోట స్టూలు వేసుకున్నాడు. తెరను చూసి అతనికి తెలిసేది లేదు. కళ్ళు సగం మూసుకుని చెవి పెట్టాడు. టైపు మిషన్ల దగ్గర అతను పని నేర్చుకున్నది సగం చెవితోనే.

భారతి కొడుతుంటే అతనికి ముచ్చటేసింది. పది వేళ్ళూ పనిచేస్తున్నాయి. చూపు కవర్లోని సర్టిఫికెట్ మీద, చెయ్యి మీటల మీద. ఎక్కడా తొట్రుపాటు లేదు. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం. ఒక గడి నుంచి ఇంకో గడికి పోవడానికి మౌస్ ముట్టుకోవడం లేదు, ఎడమ చేతి చిటికెన వేలితో ట్యాబ్ మీట కొడుతోంది. కాసేపటికి కుడివైపు మూలన రెండు మెత్తటి దెబ్బలు వినిపించాయి. వెంటనే భారతి చేతులు ఆగిపోయాయి.

"పోయిందన్నా" అంది.

"ఓరి దేవుడా" అని వెంకటేశులు నుదురు పట్టుకున్నాడు.

"ఇప్పుడు వెనక్కి చెరిపే మీట కొట్టినావా మ్మా?" అన్నాడు మునిరత్నం. కీబోర్డు కుడి మూలన ఉండే ఆ బ్యాక్‌స్పేస్ మీటను, తప్పు పడ్డ అక్షరం చెరపడానికి కొడతారు.

"లేదన్నా. తప్పు పడితే గదా కొట్టేది? తప్పు పడలా. నేను దాన్ని ముట్టుకోనే లేదు."

ఆమె గొంతులో తడబాటు లేదు. అతని చెవి కూడా అబద్ధం చెప్పదు. రెండు మెత్తటి దెబ్బలు అతను విన్నాడు. ఇద్దరిలో ఒకరి మాట తప్పు. ఆమె అంత ధైర్యంగా అబద్ధమాడగల మనిషా అని ఒక క్షణం ఆమెనే అనుమానించాడు. సరే, మళ్ళీ కొట్టమ్మా, ముందుగా దుమ్ము తుడుస్తానని కీబోర్డు తన వైపుకు లాక్కున్నాడు. సంచిలో ఇంకా పాత రిబ్బన్ సిరా డబ్బా ఒకటి ఉంది. అగ్గిపుల్ల కొనతో ఆ నల్ల మీట మీద చుక్కంత సిరా పూసి, గుడ్డతో మిగిలిన మీటలు తుడిచినట్టు చేసి, ఆమె ముందుకు తోశాడు.

మళ్ళీ పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం. ట్యాబ్. రెండు మెత్తటి దెబ్బలు. పేజీ పోయింది.

"ఇప్పుడు కొట్టినావా?"

"నేను కొట్టలా అంటాండా గదన్నా!"

"నీ కుడి చెయ్యి సూపీ మ్మా."

ఆమె చెయ్యి తిప్పింది. చిటికెన వేలి కొన నల్లగా ఉంది. భారతి ఆ వేలిని తనది కానట్టుగా చూసింది. తర్వాత మీట మీద సిరాను చూసింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమయ్యాక లేచి నిలబడింది.

"దొంగను పట్టేదానికి పూసినట్టు పూసినావా అన్నా? ఆయప్ప పిలిపిచ్చింది ఇందుకా? ఇద్దరూ మాట్లాడుకునే వచ్చినారు గదా టీ కాడ."

"పూసింది నేనేమ్మా. ఆయప్పకు తెల్దు. నువ్వు అబద్ధమాడతాండావని గాదు. నీకు తెలీకుండా నీ వేలు ఏం చేస్తాదో నిన్నడిగితే ఎట్లా తెలుస్తాది? కూసో. టైపు యాడ నేర్చుకున్న్యావు?"

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మదనపల్లెలో, శ్రీరాములు మాస్టరు ఇన్‌స్టిట్యూట్‌లో. తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ హయ్యర్ పరీక్ష ప్యాసు. పెళ్ళయి కుప్పం వచ్చాక నిన్నమొన్నటి దాకా కోర్టు దగ్గర దస్తావేజుల రైటరు కింద టైపు మిషన్ మీదే పని. కంప్యూటర్ ముందు కూర్చోవడం ఇక్కడే మొదలు.

శ్రీరాములు మాస్టరు పేరు వినగానే మునిరత్నం చెవిలో ఆ ఇన్‌స్టిట్యూట్ చప్పుడు లేచింది. అక్కడి మిషన్లకు నూనె వేసినవాడు అతనే. అన్నీ ఒకే రకం మిషన్లు. వెనక్కి జరిపే మీట కుడి చివర ఉంటుంది. ఆ మీట ఏ అక్షరాన్నీ చెరపదు, కాగితాన్ని ఒక అక్షరమంత వెనక్కి జరుపుతుంది, అంతే. హయ్యర్ పరీక్షలో అంకెల పట్టికలు కొట్టాలి. ట్యాబ్ కొడితే కాగితం ఆ గడి కుడి అంచుకు పరిగెత్తి ఆగుతుంది. అక్కడి నుంచి, కొట్టబోయే సంఖ్యలో ఎన్ని అంకెలుంటే అన్ని దెబ్బలు వెనక్కి రావాలి. అప్పుడే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలుస్తాయి. వరస తప్పితే మార్కులు పోతాయి. శ్రీరాములు మాస్టరు బెత్తం పట్టుకుని వెనక నడుస్తూ ఆ దెబ్బలు లెక్కపెట్టేవాడు.

"అంకెలు కొట్టేముందర ఏం చేస్తావు మ్మా?" అన్నాడు.

"ట్యాబ్ కొట్టి, ఎన్నంకెలో అన్నిసార్లు..." అని ఆగిపోయింది. తన వేలి వైపు మళ్ళీ చూసింది. "తేదీకి రెండంకెలు."

ఈసారి కూర్చుంది. శివకుమార్‌ను లోపలికి పిలిచారు. మునిరత్నం ఆమెను ఒక్కొక్క గడి దగ్గరా ఆగమన్నాడు. పేరు రాసే ఖాళీ గడిలో ఆ మీట కొట్టింది. ఏమీ కాలేదు. ఊరు పేరు రాసి కొట్టింది. చివరి అక్షరం ఒకటి చెరిగింది. ట్యాబ్ కొట్టి పుట్టిన తేదీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ రాసేది లేదు, ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా కిందికి జారే పట్టీలోంచి ఎంచుకోవాలి. అక్కడ ఆ మీటను ఒక్కసారి తాకింది. పేజీ మాయమై ముందటి పేజీ వచ్చింది.

ముగ్గురూ తెర వైపు చూశారు. వెంకటేశులు కూడా లేచి వచ్చి మెడ చాపాడు.

"ఇంకోసారి" అన్నాడు శివకుమార్. ఇంకోసారి చేసింది. మళ్ళీ పోయింది.

"అయితే నాకెందుకు పోదు?"

"నువ్వు మౌసు పట్టుకుని పొడుస్తా పోతావు గాబట్టి" అన్నాడు మునిరత్నం. "ట్యాబ్ మీట యాడుండాదో నీకు తెలుసునా?"

శివకుమార్ కీబోర్డు మీదికి వంగి ఒక్కొక్క మీటా వెతికాడు. వెంకటేశులు కిసుక్కుమన్నాడు.

"నేను ఎనక నిలబడుకుంటే యాల పోదు మరి?"

"నువ్వు ఎనక నిలబడితే ఆయమ్మి భయపడి మీటలు సూసి కొడతాది. సూసి కొట్టేటప్పుడు అలవాటు రాదు. నువ్వు పోతే చెయ్యి దాని దారిన అది పోతాది."

శివకుమార్ ముఖంలో అనుమానం పూర్తిగా పోలేదు, దిక్కు మారింది. "కంప్యూటర్ చేసినోళ్ళు ఇట్లా పెడతారా యాడన్నా? ఒకే మీట, గడిలో ఉంటే అక్షరం చెరుపుతాది, గడి దాటితే మొత్తం పేజీని ఎనక్కి తోస్తాదా? ఎవురికి కావాల ఇది?"

"నన్నడిగితే నేనేం సెప్పేది? టైపు మిషన్‌లో వరస అయిపోవస్తాంటే ముందే గంట కొడతాది. గంట వినకుండా పోయినా క్యారేజి ఆడ బిగుసుకుంటాది. దాన్ని దాటాలంటే వేరే మీట కావాలని నొక్కాల. కాగితమంతా పెరికి పారేసే పనిని ఇంత మెత్తటి మీటకు, అదీ రోజంతా తప్పులు చెరుపుకునే మీటకు ఇచ్చినోడు ఎవుడో, వాడు ఏనాడూ ఒక్క అప్లికేషన్ కొట్టుండడు. గంట ల్యా, అడిగేది ల్యా. నాకు ముందు నించీ ఈటి మింద నమ్మకం లేదంటే ఊరికేనా?"

"ఇప్పుడు నేను ఆ మీట కొట్టకుండా ఉంటా లెన్నా" అంది భారతి. ఉండాలని చూసింది కూడా. నెమ్మదిగా కొట్టినంతసేపు వేలు ఆగింది. కాస్త వేగం అందుకోగానే తేదీ దగ్గర రెండు దెబ్బలు పడ్డాయి. పేజీ పోయింది. ఆమె కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది.

"వద్దమ్మా" అన్నాడు మునిరత్నం. "ఇన్నేండ్ల పనిని చేతిలోంచి పెరికెయ్యబాక. మంచి చెయ్యి అది. నేను మీటనే సూస్తా."

"మీట పెరికేస్తే సరిపోతాది గదా" అన్నాడు శివకుమార్.

"పెరికేస్తే తప్పు పడినప్పుడు నువ్వొచ్చి నాలికతో చెరుపుతావా?"

కీబోర్డు మళ్ళీ బోర్లపడింది. మరలు మళ్ళీ గుడ్డ మీద వరసగా నిలిచాయి. మునిరత్నం సంచిలోంచి చచ్చిపోయిన పాత కీబోర్డు ఒకటి తీసి, దాని రబ్బరు పొరలోంచి ఒక బుడిపెను బ్లేడుతో గుండ్రంగా కోశాడు. దాన్ని ఈ కీబోర్డులో ఆ మీట కింద ఉండే బుడిపె మీద టోపీలా తొడిగాడు. బిగించి నొక్కితే బండరాయిలా ఉంది, అసలు దిగడం లేదు. మళ్ళీ విప్పి టోపీ అంచు చుట్టూ సన్నగా చెక్కాడు. ఈసారి మరీ మెత్తబడింది. ఆ ముక్క పారేసి ఇంకొకటి కోశాడు. అంచు కొంచెం, నెత్తి కొంచెం. మధ్యమధ్యలో పక్క మీటను, ఈ మీటను మార్చి మార్చి నొక్కి, వేలికి తెలిసే తేడాను కొలుచుకున్నాడు. టైపు మిషన్లలో ఒక్కొక్కరి చేతి బరువును బట్టి మీటల బిగువు సరిచేయడం అతనికి కొత్త కాదు. ఇక్కడ తిప్పడానికి మర లేదు, చెక్కుకోవాల్సిందే.

భారతి పక్కనే నిలబడి చూసింది. కాసేపటికి తనే మీట మీద వేలు పెట్టి చెప్పసాగింది. "ఇంకా కొంచెం మెత్తగా ఉండాల అన్నా. ఇంత గట్టిగా ఉంటే తప్పులు దిద్దేటప్పుడు వేలు నొస్తాది." అతను విని, ఇంకో పొర చెక్కాడు.

చివరికి సిరా తుడిచి, అట్ట మూసి, మరలు బిగించి కీబోర్డును ఆమె ముందు పెట్టాడు. శివకుమార్ ముందు తానే కూర్చున్నాడు. తేదీ దగ్గరికి మౌస్‌తో వెళ్ళి ఆ మీటను అలా తాకాడు. ఏమీ కాలేదు. ఇంకాస్త నొక్కాడు. ఏమీ కాలేదు. బలం పెట్టి నొక్కాడు. పేజీ పోయింది.

"ఇదిగో, పోయింది గదా!"

"పోతాది. గట్టిగా నొక్కితే పోతాది. దాన్ని పోకుండా ఆపేది నా చేతిలో లేదు. ఆ పని దాని లోపల యాడో ఉండాది, నాకు కనపడదు. నేను సెయ్యగలిగింది ఒకటే. తెలీకుండా పోదు. తెలిసి నొక్కితేనే పోతాది."

శివకుమార్ కాసేపు మీటను నొక్కుతూ వదులుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి కుర్చీని భారతి వైపు తిప్పాడు.

"కొట్టు సూద్దాం. నేను ఈణ్ణే నిలబడుకుంటా."

"నువ్వు నిలబడితే ఏముండాది అన్నా" అంది ఆమె. "ఎట్లాగూ నువ్వుంటే పోదు గదా. మొకం ఆపక్కకు తిప్పుకో. నేను ఎప్పటి లాగే కొడతా."

అతను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. వెంకటేశులు సర్టిఫికెట్లు మళ్ళీ వరసగా పరిచాడు. భారతి వేళ్ళు మీటల మీద పరిగెత్తాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం. ట్యాబ్. మునిరత్నం చెవికి రెండు మెత్తటి దెబ్బలు స్పష్టంగా వినిపించాయి. చేతులు ఆగలేదు. తేదీ, నెల, సంవత్సరం ఎంచుకుంది. కులం, చదువు, మార్కులు. మధ్యలో పిన్‌కోడ్‌లో ఒక అంకె తప్పు పడింది. ఆమె ఆ మీటను గట్టిగా నొక్కి, ఆ ఒక్క అంకెనే చెరిపి, సరైనది వేసింది.

"అయిందా?" అన్నాడు శివకుమార్ రోడ్డు వైపే చూస్తూ.

"ఉండన్నా."

అన్నీ ఒకసారి పై నుంచి కింది దాకా సర్టిఫికెట్లతో సరిచూసుకుని, పంపించే బొత్తాం నొక్కింది. తెర కాసేపు తెల్లగా నిలిచింది. ఆ కాసేపూ నలుగురిలో ఎవరికీ దాని మీద నమ్మకం లేదు. తర్వాత దరఖాస్తు నెంబరు వచ్చింది. ప్రింటరు గరగరమంది.

శివకుమార్ ఇటు తిరిగాడు. బల్ల చివర పేర్చి ఉన్న మిగతా జనం సర్టిఫికెట్ల కవర్లను ఆమె చేతికి అందేలా జరిపాడు. "రేపు పొద్దున్నే బేగి రామ్మా. గుడుపల్లె వాళ్ళు ఇంకా ఐదారుమంది వస్తామన్న్యారు" అన్నాడు.

"మా మామ కాడికి పోనా మరి?" అంది ఆమె.

"సాల్లే తల్లీ."

భారతి ప్రింటు కాగితం తీసుకుని, పేరు, పుట్టిన తేదీ వేలితో చూపించి వెంకటేశులు చేత చదివించింది. దరఖాస్తు రెండో కాగితంతో కలిపి మూలకు పిన్ను కొట్టి, అతని కవర్లో సర్టిఫికెట్ల పైన పెట్టి, కవరు మూసి అతని చేతికిచ్చింది.